ఎనిమిదో తరగతి ఇనుము

ముప్పై ఏడేళ్ళుగా ఇనుముతో బతుకుతున్న మనిషి ఒంట్లో ఇనుము లేదని తేల్చడానికి డాక్టరమ్మకు రెండు చెంచాల రక్తం చాలింది. మా బజారులో ఏ గేటు చూసినా, ఏ కిటికీ గ్రిల్లు చూసినా అందులో నా వెల్డింగు మచ్చ ఒకటి ఉంటుంది. నేను తుమ్మితే రుమాలు మీద ఇనుప రజను పడుతుంది. అలాంటి నాకు ఇనుము తక్కువట. ఈ మాట బజారులో పొక్కితే పరువేం కావాలన్నదే నా మొదటి దిగులు. గుండె గురించిన దిగులు ఆ తరవాతది. నా తెలివి ఎప్పుడూ ఆ వరసలోనే నడుస్తుంది.

గుండె సంగతి అంతకు ముందు ఏడాదే బయటపడింది. రక్తాన్ని తోడే బలం సగానికి పడిపోయిందన్నారు. నాలుగు రకాల మాత్రలు ఇచ్చారు. అన్నీ వేళకు మింగాను. అయినా మూడు దిళ్ళు లేనిదే పడుకోలేను. టీ కొట్టు మా దుకాణానికి అరవై అడుగులు. ఆ అరవై అడుగుల్లో రెండుసార్లు ఆగి, ఎవరో పిలిచినట్టు వెనక్కి చూసేవాణ్ణి. ఆయాసమని తెలియకూడదు కదా. అలా వెనక్కి చూసి చూసి, గవరయ్యకు బుర్ర తిరిగిందని బజారులో పేరు తెచ్చుకున్నాను.

మా టౌను ఆసుపత్రికి కొత్తగా వచ్చిన గుండె డాక్టరు సుచరిత గారు కాగితం చూసి, "గవరయ్య గారూ, మీకు రక్తం బాగానే ఉంది. ఇనుము నిల్వ లేదు," అన్నారు.

"రక్తం ఉంటే ఇనుము ఉన్నట్టే కాదేటండీ?" అన్నాను, ఎనిమిదో తరగతిలో బడి మానేసిన శాస్త్రవేత్తను.

"కాదు. మీ దుకాణంలో తయారైన గేట్లు బయట వరసగా నిలబెట్టి ఉన్నాయనుకోండి. చూసేవాళ్ళకి వ్యాపారం బాగానే ఉన్నట్టుంటుంది. లోపల మాత్రం ఒక్క ఊచ కూడా లేదు. రేపు పని ఎలా చేస్తారు? గుండె కండరానికి కూడా పని చేయడానికి ఇనుము కావాలి. గుండె బలహీనమైన వాళ్ళలో సగం మందికి ఈ లోటు ఉంటుంది. మాత్రలు మింగితే ఒంటికి పట్టవు. నరంలోంచి ఎక్కించాలి. ఇప్పుడొకటి, ఆరు వారాలకి ఇంకొకటి. అలాగని గుండె కొత్తదైపోదు. ఉన్న గుండెకి ఓపిక వస్తుంది. రెండూ పడకపోతే మీరు మళ్ళీ మంచమెక్కుతారు, అది మాత్రం చెప్పగలను."

ఇంత వివరంగా నాకు జీవితంలో ఎవరూ ఏదీ చెప్పలేదు. చెప్పినవాళ్ళను నేను విననూ లేదు.

ఆ మందు బయట కొనే తాహతు నాకు లేదు. ఆసుపత్రిలో ఉంది. డాక్టరమ్మ గదికి ఎదురుగా గాజు తలుపుల బీరువాలో పెట్టెలకు పెట్టెలు ఉన్నాయి. బీరువా మీద ఒక గుడ్డ బ్యానరు, "ఇనుప బాల్యం, ఉక్కు భవిత". ఆ ఏడు జిల్లా అంతటా ఇనుప పక్షోత్సవాలు జరుగుతున్నాయి. ఇనుప ర్యాలీ అయింది, ఇనుప ముగ్గుల పోటీ అయింది. మా ఆవిడ చిలకమ్మకు ముగ్గుల్లో మూడో బహుమతిగా పాలకూర కట్ట ఇచ్చారు. ఇంజక్షన్లు మాత్రం ఎవరికీ వేయలేదు. అవి రక్తం బాగా తక్కువున్న బడి పిల్లల కోసం వచ్చాయి. పిల్లల రక్తం పరీక్ష చేసే పట్టీలు ఇంకా రాలేదు. పట్టీలు రాలేదు కాబట్టి రక్తం తక్కువున్న పిల్లలు జిల్లాలో ఒక్కరూ లేరని నివేదిక వెళ్ళిపోయింది.

బీరువా తాళం విద్యార్థి లోహపుష్టి పథకం సమన్వయాధికారి చింతామణిరావు గారి జేబులో ఉంటుంది. డాక్టరమ్మే నన్ను ఆయన దగ్గరకు తీసుకెళ్ళారు.

"సర్, ఈ మందుకి జూన్ ముప్పయ్యితో గడువు అయిపోతోంది. ఎలాగూ పారబోయాలి. ఇతనికి రెండు సీసాలు ఇప్పించండి."

ఆయన నన్ను ఆపాదమస్తకం చూశారు. "మేడమ్, పారబోయడానికి నిబంధన ఉంది. ఇతనికి ఇవ్వడానికి లేదు. లబ్ధిదారుడు విద్యార్థి అయి ఉండవలెను. హృద్రోగి అను మాట ఉత్తర్వుల్లో ఎచ్చటా కానరాదు."

"వయసు ఎంత ఉండాలో ఉందా?"

ఆయన కాగితాలు మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు. "లేదు. విద్యార్థి అంటేనే వయసు తెలిసిపోతుందని రాసినవారు భావించి ఉంటారు. భావించడం వారి హోదా. నా హోదాలో భావించుటకు వీల్లేదు. ఈయన స్టడీ సర్టిఫికెట్ తెస్తే ఇవ్వకపోవడానికి నా దగ్గర కారణమేమీ లేదు."

డాక్టరమ్మ విసుగ్గా, "అయితే బడికెళ్ళండి గవరయ్య గారూ," అని వెళ్ళిపోయారు. అది కోపంలో అన్న మాట. తెలివైనవాడికి ఆ తేడా అర్థమయ్యేది. నేను మర్నాడు పొద్దున్నే బడికి వెళ్ళాను.

మా వీధి చివర ప్రాథమికోన్నత పాఠశాలలో ఎనిమిది తరగతులు, ఇద్దరు మాస్టర్లు, పంతొమ్మిది మంది పిల్లలు. ఇరవై మంది లేని బడిని మూసేస్తారని కాగితం వచ్చి వారమైంది. హెడ్మాస్టరు లక్ష్మణ పట్నాయక్ గారు ఆ కాగితం మీద మోచేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"అప్పుడెప్పుడో నానిక్కడ సదివినట్టు ఒక కాగితం రాసిస్తారేటండీ?" అన్నాను.

ఆయన పాత అడ్మిషన్ రిజిస్టరు దుమ్ము దులిపి తీశారు. కళ్ళజోడు సర్దుకుని ఒక వరస దగ్గర ఆగి, దాని మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"కోరాడ గవరయ్య. ఎనిమిదో తరగతి. టీసీ ఎప్పుడు పట్టుకెళ్ళావు?"

"టీసీ ఏటండీ. లెక్కల మేస్టారు బెత్తం ఇరిగిపోనాదని మరోటి తెమ్మన్నారు. తేడానికెళ్ళి మరి రాలేదు."

"టీసీ తీసుకోలేదు. పేరు కొట్టేయలేదు. అంటే నువ్వు బడి మానలేదు నాయనా." పట్నాయక్ గారు రిజిస్టరు నా వైపు తిప్పారు. "నువ్వు మా విద్యార్థివే. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆబ్సెంటు, అంతే. ఇరవయ్యో వాడివి."

ఆయన లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. నా జన్మలో నన్ను చూసి ఒక ఉపాధ్యాయుడు సంతోషించడం అదే మొదలు.

కానీ ఒక షరతు. పరీక్షలదాకా రోజూ రావాలి. తలలు లెక్కపెట్టడానికి పైనుంచి ఎవరైనా ఎప్పుడైనా వస్తారు. ఇంటికెళ్ళి చెబితే చిలకమ్మ క్యారేజీ గిన్నె చేతిలోకి తీసుకుంది.

"క్యారేజీ కట్టాలా, బళ్ళో బోయనం పెడతారా?"

"పెడతారంటలే."

"గుడ్డు కూడా?"

"వారానికైదు."

"అయితే బేగి ఎల్లు. ఇన్నాళ్ళకి నీ వొల్ల ఇంటికొక ఆదా."

నన్ను ఎనిమిదో తరగతిలో లిఖిత అనే పిల్ల పక్కన కూర్చోబెట్టారు. క్లాసు లీడరు ఆమే. క్లాసులో మేం నలుగురం. నా మోకాళ్ళు బల్ల కింద పట్టక పక్కకు తిరిగి కూర్చుంటే, "తాతా, గోడకేసి సూడకు, మేస్టారు తిడతారు," అంది. హిందీ పాఠం చదవమన్నప్పుడు నేను నోరు తెరిచి ఆయాసపడుతూ ఆగిపోతే, "తాతకి ఊపిరందటం నేదండి," అని మాస్టారికి చెప్పింది. నిజానికి మొదటి ముక్క దగ్గరే నాకు అక్షరం రాలేదు. నా జబ్బు వల్ల నాకు కలిగిన లాభం అదొక్కటే.

స్టడీ సర్టిఫికెట్ పట్టుకెళ్ళిన రోజు చింతామణిరావు గారు దాన్ని వెలుతురుకెత్తి చూసి, ముద్ర గోకి చూసి, తాళం తీశారు. పథకం మొదలయ్యాక బీరువా తెరుచుకోవడం అదే తొలిసారి. అందుకని ఫొటోగ్రాఫరును పిలిచారు. సెలైను సీసాలో ఆ మందు కలిపితే అచ్చం తుప్పు నీళ్ళ రంగుకు తిరిగింది. ఇనుముకు తుప్పు పట్టకుండా నేను జన్మంతా ఎర్ర రంగు పూశాను. ఆ తుప్పే చుక్కా చుక్కా నా నరంలోకి దిగుతుంటే చూస్తూ పడుకున్నాను. నా తల వెనక బ్యానరు పట్టుకున్నారు. మర్నాడు గోడ పత్రికలో నా ఫొటో కింద రాశారు, "తొలి లబ్ధిదారు, చిరంజీవి గవరయ్య. బాలుడు కోలుకుంటున్నాడు."

బాలుడు నిజంగానే కోలుకున్నాడు. మూడు వారాలయ్యేసరికి టీ కొట్టుకు ఒక్కసారే ఆగి వెళ్ళాను. దిళ్ళు రెండుకు దిగాయి. డాక్టరమ్మ నా కాళ్ళ వాపు నొక్కి చూసి, "రెండో డోసు మే ఒకటిన. మరిచిపోవద్దు," అన్నారు. ఎలా మరిచిపోతాను. అయితే ఏప్రిల్ ఇరవై మూడున బడి సంవత్సరం అయిపోతుందన్న సంగతి మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు.

తట్టింది లిఖితకే. "తాతా, నువ్వు పాసయిపోతే ఈ బళ్ళోంచి నీ పేరు తీసీస్తారు. ఇక్కడ తొమ్మిది నేదు కదా. మరి మే నెలలో నువ్వే బడి పిల్లోడివి?"

నేను నవ్వాను. "నాను పాసవడవేటే. ఆ బయం నీకొద్దు."

"అలగనుకోకు. ఇక్కడ అందరూ పాసే. తప్పు రాసినా మార్కులేస్తారు. ఏటీ రాయకపోనా ఏస్తారు."

"రాకుండా మానీస్తే?"

"అప్పుడు హాజరు సాలదు. నువ్వు పిల్లోడివే కావు."

నేను పౌరుషంగా ఫెయిలవడానికి కూర్చున్నాను. ఆ పని నాకు చేతనైనట్టు ఇంకెవరికీ చేతకాదని నా గట్టి నమ్మకం. లెక్కల పేపరు తెల్లగా ఇచ్చాను. ఇంగ్లీషు పేపరులో గేటు బొమ్మ వేశాను. సోషల్ పేపరులో నన్ను దయచేసి ఫెయిలు చెయ్యండి అని రాసి సంతకం పెట్టాను. ఫలితాల రోజున పట్నాయక్ గారు నా పేపర్లు ముందేసుకుని దిగాలుగా కూర్చుని ఉన్నారు.

"లెక్కల్లో అరవై రెండు. పరిశుభ్రతకి. ఇంగ్లీషులో చిత్రలేఖనానికి డెబ్బై. సోషల్లో నీ అంతట నువ్వు ఒక వాక్యం రాశావు, అందులో తప్పులు లేవు. ఎనభై ఒకటి."

"మేస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. నన్ను తప్పించీండి. నాను ఈ క్లాసులో ఉండిపోవాల. మందు పడాల."

"నాకు మాత్రం ఇష్టమా నాయనా? నువ్వు పోతే మళ్ళీ పంతొమ్మిదే." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కానీ ఎనిమిదో తరగతి దాకా ఏ బాలుణ్ణీ నిలిపివేయరాదు. నిలిపితే ఈ నెలలోనే మెమో. బడికి పిల్లలు చాలకపోతే మెమో సెప్టెంబరులో. ఈ నెల మెమో ముందొస్తుంది కదా."

ఆ రోజు నాకు పూలదండ వేశారు. నా బతుకులో నేను పాసైన మొదటి పరీక్ష అది. నా ప్రయత్నానికి పూర్తిగా విరుద్ధంగా జరిగింది. టీసీ కూడా నాకు అక్కర్లేదన్నాను. ఇప్పుడు టీసీ కంప్యూటరులోంచి దానంతటదే వచ్చేస్తుందన్నారు.

మే ఒకటిన చింతామణిరావు గారు నా టీసీ చదివి ముందు అభినందించారు. తరవాత బీరువా కేసి ఒకసారి చూసి, జేబు మీద చెయ్యి వేసుకున్నారు.

"మీరు ఎనిమిది విడిచారు. తొమ్మిదిలో చేరలేదు. ప్రస్తుతం రెండు తరగతుల నడుమ ఖాళీలో ఉన్నారు. ఆ ఖాళీకి ఇనుము కేటాయింపు లేదు."

"బాబూ, నాకు మళ్ళీ ఆయాసం మొదలయ్యింది."

"సెలవుల్లో విద్యార్థులకు ఆయాసం రాదని కాదు. వచ్చినచో పాఠశాల తెరిచిన పిమ్మట సంప్రదించవలెను. తొమ్మిదిలో చేరి, పది రోజులు వరసగా హాజరై రండి. జూన్ ముప్పయ్యి లోపు మాత్రమే."

డాక్టరమ్మ ఆయనతో పోట్లాడారు. పై వాళ్ళకు రెండు ఉత్తరాలు రాశారు. వాటికి జవాబుగా ఆమెను ఇనుప పక్షోత్సవాల ముగింపు సభకు ముఖ్య అతిథిగా పిలిచారు.

మే నెల ఎలా గడిచిందో నాకంటే చిలకమ్మకే బాగా తెలుసు. దిళ్ళు మళ్ళీ మూడయ్యాయి, చివరికి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాను. కాళ్ళు నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. డాక్టరమ్మ ఒంట్లో నీరు తీసే మాత్ర పెంచారు. దుకాణం తెరవడం మానేశాను. అరవై అడుగుల అవతలి టీ కొట్టు నాకు కాశీ అంత దూరమైంది.

"సదువుకోయ్యా అని మీ అమ్మ సిన్నప్పుడే మొత్తుకున్నాది," అని చిలకమ్మ విసనకర్ర విసురుతూ అంది. "అప్పుడే సదివుంటే ఇప్పుడీ బాద నేకపోను."

"అప్పుడే సదివుంటే ఇప్పుడు బడి పిల్లోణ్ణవను కదే. అసలు మందే రాకపోను," అన్నాను. అది అని ఊపిరి తీసుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె కళ్ళు తుడుచుకుంది. నేను జోకు బాగా పేలిందనుకున్నాను.

జూన్ పన్నెండున హైస్కూలు తెరిచారు. చిలకమ్మ నన్ను ఆటోలో తీసుకొచ్చి గేటు దగ్గర దింపింది. గేటు నేను చేసిందే. లోపలికి వెళ్ళాక తెలిసింది, తొమ్మిదో తరగతి మేడ మీద. కింది గదుల నిండా పంచడానికి వచ్చిన సైకిళ్ళు. వాటిని పైకి మోయడం కష్టమని పిల్లల్నే పైకి ఎక్కించారు. మెట్లు ఇరవై రెండు.

పదకొండో మెట్టు మీద నేను కూర్చుండిపోయాను. ఎంత కూర్చున్నా పన్నెండో మెట్టు నా దగ్గరకు రాలేదు. పైన హాజరు మొదలైంది. లెక్కల మాస్టారు అచ్యుతరావు గారు. హాజరు ఫోనులో కొట్టాలి, తొమ్మిదిన్నర లోపు కొట్టకపోతే ఆ పూట మాస్టారికే గైర్హాజరు. అందుకని ఆయన ఫోను మీదినుంచి తల ఎత్తడు. అప్పలనాయుడు, ప్రెజెంట్ సార్. భార్గవి, ప్రెజెంట్ సార్.

"కోరాడ గవరయ్య."

నేను నోరు తెరిచాను. లోపల గాలి ఉంటే కదా మాట రావడానికి. ఈలలాంటిది ఒకటి వచ్చి ఆగిపోయింది.

"కోరాడ గవరయ్య. లేడా?"

ఆ ఒక్క మాట రాకపోతే పది రోజులు పోయినట్టే. గోడ పట్టుకుని లేవబోయి మళ్ళీ కూలబడ్డాను. అంతలో పైన ఒక గొంతు, కావాలని లావు చేసిన ఆడపిల్ల గొంతు, "ప్రెజెంట్ సార్," అంది.

"గొంతేమిట్రా అలా ఉంది?"

"జలుబండీ."

ఆ తరవాత ఇంకో ఊపిరికి ఆ గొంతే మామూలుగా మారి, "లిఖితా ప్రెజెంట్ సార్," అంది.

పది రోజులు నేను పదకొండో మెట్టు దాకా వెళ్ళి, అక్కడే కూర్చుని చదువుకున్నాను. పైనుంచి ఎక్కాలు, సూత్రాలు దొర్లుతూ నా దాకా వచ్చేవి. బెల్లు కొట్టాక లిఖిత దిగి వచ్చి, "ఇయ్యాళ నిన్ను లేపి పదమూడో ఎక్కం అడిగారు తాతా. నీకు రాలేదు," అని నా ప్రగతి చెప్పి వెళ్ళేది. దొంగ హాజరు తప్పు కదా అని ఒకరోజు ఆ పిల్లకు చెప్పబోయాను. కానీ అది చెప్పడానికి కూడా ఊపిరి కావాలి. దాచుకున్నాను.

జూన్ ఇరవై తొమ్మిదిన, గడువు ఇంకా ఒక్క రోజు ఉందనగా, చింతామణిరావు గారు నా హాజరును కంప్యూటరులో చూసి, నూటికి నూరు అని మెచ్చుకుని, తాళం తీశారు. రెండో సీసా కూడా నా నరంలోకి దిగింది. మిగిలిన పెట్టెలన్నీ మర్నాడు ఆసుపత్రి వెనక గొయ్యి తీసి పూడ్చారు. దానికి కూడా ఫొటో తీశారు. నాకు మాత్రం ఒక కాగితం ఇచ్చారు. లబ్ధిదారుడు చదువు మధ్యలో మానినచో పొందిన ఇనుమును ప్రభుత్వమునకు తిరిగి అప్పగించవలెను. అది ఎలా తీసుకుంటారో అందులో రాయలేదు. నేను అడగలేదు. ఆ కాగితం చూపిస్తే, "ఐతే నాను రోజూ పలుకుతానులే," అంది లిఖిత.

ఆగస్టులో ఒక పొద్దున నేను ఒక్క దిండు మీద నిద్రలేచాను. టీ కొట్టుకు వెళ్ళి టీ తాగి వచ్చాక గుర్తొచ్చింది, ఎక్కడా ఆగలేదని. దుకాణం తెరవబోయి, తాళం చేతిలో పట్టుకునే అటునుంచి అటు హైస్కూలుకు నడిచాను. ఇరవై రెండు మెట్లు. పదకొండో దాని మీద అలవాటుగా ఆగాను గానీ కూర్చోలేదు. పైకి వెళ్ళి తొమ్మిదో తరగతి గుమ్మంలో నిలబడ్డాను. హాజరు అప్పుడే అయిపోయినట్టుంది, అచ్యుతరావు గారు ఫోను జేబులో పెట్టుకుని తల ఎత్తారు.

"ఎవరండీ? పేరెంట్సు పైకి రాకూడదు."

నేను లిఖిత కేసి చూశాను. ఆ పిల్ల నోటుపుస్తకంలోకి తల దూర్చేసింది.

"గవరయ్య తాలూకండి," అన్నాను.

"ఏమవుతారు?"

"దగ్గిరోణ్ణేనండి."

మాస్టారు గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించారు. "మీవాడు లెక్కల్లో సున్నా అండి. పుస్తకం తేడు. హోంవర్కు చేయడు. లేపితే లేచాడో లేదో కూడా తెలీదు, వెనకెక్కడో గొణుగుతాడు. కానీ ఒక్క రోజు మానలేదు. నాకు ఇరవై ఏళ్ళ సర్వీసులో నూటికి నూరు హాజరున్నవాడు వీడొక్కడే." నా చేతి మీది వెల్డింగు మచ్చలు చూశారు. "మీది దుకాణంలా ఉంది. ఈ వయసు రాగానే పనిలో పెట్టేయాలని చూస్తారు మీలాంటివాళ్ళు. నా మాట వినండి. వాణ్ణి మధ్యలో మాన్పించకండి."

నా చేతిలోని తాళం వెనక్కి పెట్టుకున్నాను.

"మాన్పించనండి," అన్నాను.